సాక్షియు స్మృతియు

తిరుమలకు పోయి శ్రీవారిని సేవించి వచ్చిన దంపతులను, వారు ఇల్లు చేరిన కొన్నాళ్లకు, ఒక చిన్న ప్రశ్న అడిగి చూడుడు: "ఆనాడు స్వామి మెడలో ఏ మాల యుండెను?" భర్త తులసిమాల యనును. భార్య తామరపూల మాల యనును. ఇరువురును ఒకే వరుసలో నిలిచినవారే. ఒకరి వెనుక నొకరు ఒకే వాకిటనుండి స్వామిని చూచినవారే. వారిలో అబద్ధమాడువారు లేరు. ఆడవలసిన పనియు లేదు. గంటలకొలది నిరీక్షించి, క్షణకాలము రెప్పవేయక చూచి, కన్నీటితో వెలుపలికి వచ్చిన వారి మనస్సులో నిలిచినది కొంత కన్ను చూచినదే. మిగిలినది పూజామందిరమున నిత్యము చూచు పటమునుండి వచ్చి చేరినది. రెండును కలిసి ఒకే రూపమైనవి. అందులో ఏ భాగము ఎక్కడనుండి వచ్చినదో ఆ భక్తునికే తెలియదు.

ఇంటిలో ఈ వివాదమునకు ఫలితము ఒక చిరునవ్వు. కాని ఇదే మనస్సు న్యాయస్థానమున బోనులో నిలిచి, "ఆ రాత్రి నేను చూచినది ఈ మనుష్యునినే" యని చెప్పినపుడు, ఆ మాటపై ఒకని స్వేచ్ఛ, ఒక కుటుంబము పరువు, ఒక్కొక్కపుడు ప్రాణమే ఆధారపడి యుండును. సత్యము చెప్పుట సాక్షికి ధర్మమని అందరును ఎరుగుదురు. తాను సత్యమే చెప్పుచున్నానని దృఢముగా నమ్మి, జరుగనిదానిని జరిగినదిగా చెప్పిన సాక్షిని ఏమనవలెను? అతడు ధర్మము తప్పినవాడా, కాడా? ఈ ప్రశ్నను కొంత విచారింతము.

"సాక్షి" యనగా స్వయముగా చూచినవాడని పాణిని చెప్పిన అర్థము. వివాదములు తీర్చుటకు ధర్మశాస్త్రములు ముఖ్యముగా మూడు ప్రమాణములను చెప్పినవి: లిఖితము, భుక్తి, సాక్షులు. యాజ్ఞవల్క్యస్మృతిలోని ఈ వ్యవహారధర్మములను, వానిపై విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను అనుసరించి, తిక్కన కాలమువాడైన కేతన 13వ శతాబ్దిలోనే తెనుగు పద్యములలో వెలయించెను. కావున సాక్ష్యవిచారము తెలుగువారికి క్రొత్తది కాదు.

వ్రాత యేల పుట్టినదో చెప్పుచు బృహస్పతి తన స్మృతిలో ఒక విలువైన మాట సెలవిచ్చెను. ఆరు మాసములు గడచునప్పటికే మనుష్యులకు భ్రాంతి కలుగును. అందుచేతనే సృష్టికర్త అక్షరములను సృష్టించి పత్రములపై నిలిపెను అని దాని తాత్పర్యము. ఆయన చెప్పినది మరుపును గూర్చి మాత్రమే కాదు, భ్రాంతిని గూర్చి. మరచినవానికి తాను మరచితినని తెలియును; చోటు ఖాళీగా కనబడును. భ్రాంతి చెందినవానికి ఆ ఎరుక లేదు. ఖాళీ యుండవలసిన చోట ఏదో ఒకటి నిండి, అది తాను చూచినదే యని తోచును. న్యాయస్థానమునకు మరుపు కంటె ఈ భ్రాంతియే ఎక్కువ ప్రమాదకరము.

మన దార్శనికులును స్మృతిని ఆచితూచి పరిశీలించిరి. ఆంధ్రుడని ప్రసిద్ధి కెక్కిన అన్నంభట్టు తర్కసంగ్రహమున జ్ఞానమును అనుభవమనియు, స్మృతియనియు రెండుగా విభజించెను. సంస్కారమాత్రమువలన పుట్టు జ్ఞానమే స్మృతి. మూలమైన అనుభవము యథార్థమైనచో దానినుండి పుట్టిన స్మృతి యథార్థము; మూలము అయథార్థమైనచో స్మృతియు అట్టిదే. విశిష్టాద్వైత సిద్ధాంతమును సంగ్రహించిన యతీంద్రమతదీపికలో శ్రీనివాసాచార్యులు స్మృతిని త్రోసివేయక, ప్రత్యక్షమున చేర్చి ప్రమాణముగా అంగీకరించిరి. సంస్కారము మేలుకొనుటకు నాలుగు కారణములను కూడ చెప్పిరి: సాదృశ్యము, అదృష్టము, చింతనము, సాహచర్యము. దేవదత్తుని చూడగా అతని పోలికగల యజ్ఞదత్తుడు జ్ఞప్తికి వచ్చుట మొదటిది. ఎన్నడో సేవించిన శ్రీరంగాది దివ్యదేశములు కాలాంతరమున మనస్సున మెదలుట రెండవది. ధ్యానించుచుండగా శ్రీవేంకటేశ్వరుని దివ్యమంగళవిగ్రహము స్ఫురించుట మూడవది. ఎల్లప్పుడు కలిసి తిరుగు ఇద్దరిలో ఒకని చూడగా రెండవవాడు తలపునకు వచ్చుట నాలుగవది.

ఇందలి మొదటి కారణమును మరల చూడుడు. దేవదత్తుని చూచి యజ్ఞదత్తుని స్మరించుట దోషము కాదు. దేవదత్తుని చూచి "వీడే యజ్ఞదత్తుడు" అనుకొనుట దోషము. ఈ రెండింటి నడుమ వెంట్రుకవాసి దూరమే కలదు. ఆ స్వల్పదూరమును దాటిన మాటలు ఒక మనుష్యుని ఏ గతి పట్టించెనో ఇంగ్లాండు న్యాయచరిత్రలోని ఒక వృత్తాంతము తెలుపును.

నార్వేలో జన్మించి లండను నగరమున నివసించుచున్న అడాల్ఫ్ బెక్ అను నాతడు 1895 డిసెంబరులో వీధిలో నిలిచియుండగా, ఒక స్త్రీ అతనిని ఆపి, తన నగలను మోసగించి కొనిపోయినవాడు ఇతడే యని ఆరోపించెను. ఆ కాలమున ఒక వంచకుడు తాను ప్రభువంశీయుడనని చెప్పుకొని, స్త్రీలను నమ్మించి, చెల్లని చెక్కులిచ్చి ఉంగరములు, గడియారములు హరించుచుండెను. మోసపోయినవారిని పిలిపించి చూపగా, ఇంచుమించు పదిమంది స్త్రీలు బెక్కునే గుర్తించిరి. వరుసలో నిలిపినవారిలో నెరసిన జుట్టు, మీసము గలవాడు అతడొక్కడే యని పిదప తెలిసినది. 1877లో ఇట్టి నేరమునకే శిక్షింపబడిన జాన్ స్మిత్ అనువాడు ఇతడే యని నాటి పోలీసు ఉద్యోగి ఒకడు ప్రమాణపూర్వకముగా చెప్పెను. ఆ కాలమున తాను దక్షిణ అమెరికాలో నుంటినని బెక్ మొరపెట్టుకొన్నను ఫలము లేకపోయెను. 1896లో ఏడేండ్ల కఠినశిక్ష పడెను.

1898లో కారాగారపు పత్రములందలి ఒక శరీరచిహ్నమును సరిపోల్చగా, 1877 నాటి స్మిత్ వేరు, ఈ బెక్ వేరు అని అధికారులకు స్పష్టమయ్యెను. ఐనను తీర్పు కదలలేదు. 1901లో విడుదలయైన ఆ దురదృష్టవంతుని 1904లో మరల అదే నేరముపై పట్టుకొనిరి. మరి కొందరు స్త్రీలు మరల అతనినే గుర్తించిరి. మరల దోషియని నిర్ణయించిరి. శిక్ష విధింపక న్యాయమూర్తి సంశయించి ఆగియుండగా, బెక్ నిర్బంధములో నుండగనే అదే తీరు మోసము మరియొకటి జరిగెను. ఆ నగలు కుదువపెట్టబోయిన అసలు వంచకుడు 1904 జులైలో దొరికెను. బెక్కునకు క్షమాపత్రమును, పరిహారమును ఇచ్చిరి. ఈ ఘోరము కలిగించిన కలవరము 1907లో ఇంగ్లాండున క్రిమినల్ అప్పీళ్ల న్యాయస్థానము ఏర్పడుటకు ఒక ముఖ్యకారణమయ్యెను.

ఆ స్త్రీలు అబద్ధములాడిరా? లేదు. వారు వంచకుని చూచినది నిజము, నగలు పోయినది నిజము, దుఃఖము నిజము. నిజము కానిది ఒక్కటే: ఆ ముఖము. పదిమంది చెప్పిరి గదా యన్నచో, ఒకే విధముగా తప్పుటకు వీలున్నచోట పదిమంది సాక్ష్యము పదింతల బలము కాదు; ఒకే పొరపాటు పది నోళ్లతో పలికినట్లు మాత్రమే.

మనస్సు ఇట్లేల చేయును? 1974లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అను మనస్తత్వశాస్త్రజ్ఞులు చేసిన పరీక్ష దీనికి కొంత సమాధానము చెప్పును. 150 మంది విద్యార్థులకు కార్ల ప్రమాదమును చూపు ఒక చిన్న చలనచిత్రమును ప్రదర్శించిరి. ఏబదిమందిని "కార్లు ఒకదానినొకటి బలముగా గుద్దుకొన్నపుడు వేగమెంత?" అని అడిగిరి. మరి ఏబదిమందిని "తగిలినపుడు వేగమెంత?" అని అడిగిరి. మిగిలినవారిని వేగమును గూర్చి అడుగనే లేదు. వారము తరువాత అందరిని పిలిచి, "పగిలిన అద్దము ముక్కలను చూచితిరా?" యని ప్రశ్నించిరి. చిత్రమున అద్దము పగులనే లేదు. కాని "గుద్దుకొన్న" యను మాట విన్నవారిలో 16 మంది చూచితిమనిరి. "తగిలిన" యను మాట విన్నవారిలో ఏడుగురు, ఏ మాటయు విననివారిలో ఆరుగురు అట్లనిరి. ప్రశ్నించినవాని నోటిలోని ఒక్క క్రియాపదము విన్నవాని స్మృతిలో గాజుపెంకులను చల్లినది!

స్మృతి పెట్టెలో దాచిన పట్టువస్త్రము వంటిది కాదు. తెరచినపుడెల్ల అదే మడతతో కనబడదు. తలచిన ప్రతిమారును మనస్సు దానిని క్రొత్తగా నేయును. ఆ నేతలో పాత నూలుతోపాటు ఇరుగుపొరుగు మాట, పత్రికలో చదివిన వార్త, ఠాణాలో అడిగిన ప్రశ్న, తనలోని భయము, కోపము అన్నియు పడుగుపేకలుగా చేరును. క్రోధమువలన మోహము, మోహమువలన స్మృతిభ్రంశము, దానివలన బుద్ధినాశము కలుగునని గీతాచార్యుడు రెండవ అధ్యాయమున చూపిన మెట్ల వరుస ఇక్కడ తలపునకు రాక మానదు. నేరమును చూచినవాడు, నేరమునకు గురియైనవాడు భయక్రోధములు లేక యుండుట ఎట్లు సాధ్యము?

ఇక్కడ వైష్ణవులమైన మనకు ఒక సందేహము కలుగవలెను. స్మరణము నవవిధభక్తులలో ఒకటి. భగవద్రామానుజులు శ్రీభాష్యమున మోక్షసాధనమైన ఉపాసనను తైలధారవలె తెగని ధ్రువానుస్మృతిగా నిరూపించిరి. ఆ స్మృతి భావనాప్రకర్షచే, అనగా గాఢముగా తలచి తలచి, సాక్షాత్కారముతో సమానమైన రూపము పొందునని కూడ సెలవిచ్చిరి. తలచుటవలన తలపు చూపువలె నగుట భక్తునికి పరమభాగ్యము. అదే మనోధర్మము సాక్షియందు పనిచేసినచో? "వీడే, వీడే" యని దినదినము భావించి, ఒక ముఖమును స్పష్టము చేసికొని, తుదకు కన్నులతో చూచినదానికంటె స్పష్టముగా దానిని చూచుచున్నచో? భక్తియందు మోక్షద్వారమైన శక్తియే బోనులో నిరపరాధికి కారాగారద్వారమగును.

భేదము శక్తియందు లేదు, విషయమునందు కలదు. భక్తుడు తలచు విషయము నిత్యము, సత్యము. ఎంత తలచినను అది తలపునకు మించియే యుండును గాని తప్పిపోదు. సాక్షి తలచు విషయము ఒక సంధ్యవేళ, మసక వెలుతురులో, క్షణమాత్రము కనబడి మాయమైన ఒక ముఖము. దానిని ఎంత తలచినను చూచినదానికి మించి తెలియదు. నిశ్చయము మాత్రము పెరుగును. కావున నిశ్చయము పెరిగినంతమాత్రమున సత్యము పెరిగెనని భావింపరాదు.

అట్లైనచో సాక్షుల మాటనే విడువవలెనా? అది ఇంతకంటె పెద్ద అధర్మము. పత్రములు లేని పేదకు, చీకటిలో దౌర్జన్యమునకు గురియైన అబలకు, నోటిమాటపై అప్పిచ్చిన పొరుగువానికి స్మృతి తప్ప వేరు ధనమేది? ఆ ధనమును చెల్లని నాణెమన్నచో సంతోషించునది దుష్టుడే. సాక్షిగోపాలుని కథ ఇక్కడ మనకు వెలుగు చూపును.

చైతన్యచరితామృతమున వర్ణింపబడిన ఆ కథ భక్తులెరిగినదే. దక్షిణదేశమందలి విద్యానగరమునుండి ఇద్దరు బ్రాహ్మణులు బృందావనయాత్ర పోయిరి. యువకుడు చేసిన సేవకు కరగి వృద్ధుడు తన కూతునిత్తునని గోపాలుని సన్నిధిని మాట ఇచ్చెను. ఊరు చేరగా బంధువులు అడ్డుపడిరి. అప్పుడు వృద్ధుని కుమారుడు తండ్రికి చెప్పిన ఉపాయమేమి? "మీరు అబద్ధమాడవలదు. నాకు జ్ఞాపకము లేదని మాత్రము చెప్పుడు, మిగిలినది నేను చూచుకొందును" అని. వృద్ధుడు సభలో అట్లే పలికెను. లిఖితము లేదు, వేరు మనుష్యసాక్షి లేడు. యువకుడు బృందావనమునకు మరలి పోయి ప్రార్థింపగా గోపాలుడు విగ్రహరూపముననే వెంట నడచి వచ్చి సాక్ష్యము పలికెను. నేడు పూరీకి సమీపమున సాక్షిగోపాలుడను పేర ఆయన సేవలందుచున్నాడు.

అబద్ధమునకు "జ్ఞాపకము లేదు" అనుమాట ఎంత సుఖమైన ముసుగో ఆ కుమారుడు ఎరుగును. జ్ఞాపకముండి లేదనుట ఒక అసత్యము. జ్ఞాపకము లేక ఉన్నదనుట రెండవ అసత్యము. మొదటిదానిని లోకము సులభముగా గుర్తుపట్టును. రెండవది ధైర్యమువలె, నిజాయితీవలె కనబడును గనుక దానిని గుర్తించువారు అరుదు. జ్ఞాపకము లేనపుడు నలుగురిలో "నాకు జ్ఞాపకము లేదు" అని చెప్పగలుగుటయు సత్యవ్రతమే.

న్యాయశాస్త్రము ఈ రెండు ప్రమాదముల నడుమ త్రోవ వెదకుచున్నది. సాక్షికి ఛాయాచిత్రము వంటి జ్ఞాపకశక్తి ఉండదనియు, మనస్సులో వీడియో టేపు తిరుగునట్లు జరిగినదంతయు పూస గ్రుచ్చినట్లు చెప్పలేడనియు, చిన్న చిన్న తేడాలను పట్టుకొని సాక్ష్యమును త్రోసివేయరాదనియు మన సుప్రీంకోర్టు 1983లో ఒక గుజరాతు కేసున చెప్పెను. 1872 నాటి సాక్ష్యచట్టము స్థానమున 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము, ఘటన జరిగినపుడు గాని, అది మనస్సున పచ్చగా నుండగా గాని వ్రాసికొన్నదానిని చూచి సాక్షి జ్ఞాపకము తెచ్చుకొనవచ్చునను పూర్వనియమమును నిలుపుకొన్నది. బృహస్పతి చెప్పిన పత్రమునకు ఇప్పటికిని స్థానము తప్పలేదు. ఒక విషయమును నిరూపించుటకు ఇంతమంది సాక్షులు ఉండవలెనను లెక్కయు చట్టమున లేదు. తలలను లెక్కించుట కాక మాటను తూచుటయే న్యాయాధిపతి పని.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. నమ్మి తప్పు చెప్పిన సాక్షి పాపియా? బెక్కును గుర్తించిన స్త్రీలను పాపులనుటకు మనస్సొప్పదు. మానవస్మృతి స్వభావమది. కాని 1898లో పత్రములు నిజము చెప్పిన తరువాత కూడ తీర్పును కదలింపనివారి మాట వేరు. పొరపడుట స్మృతిదోషము, పొరపాటు కన్నులకు కట్టిన పిదప దానిని పట్టుకొని వ్రేలాడుట ధర్మదోషము. స్మృతి తప్పవచ్చునని తెలిసియు, తనది మాత్రము తప్పదని భావించువాడును ఆ దోషమునకు చేరువలోనే యున్నాడు.

గృహస్థులు కోర్టుకు పోకున్నను ఈ వివేకము ఇంటింట అవసరమే. తండ్రి అంత్యకాలమున చెప్పిన మాట యేదో అన్నకొకవిధముగను, తమ్మునికొకవిధముగను జ్ఞప్తియందుండి, దానివలన విడిపోయిన కుటుంబములు ఎన్ని లేవు! ఇరువురును సత్యవంతులే కావచ్చును. ముఖ్యమైన మాటను ఆనాడే వ్రాసి యుంచుడు. చూచినదానిని, విన్నదానిని, అనుకొన్నదానిని మూడు వేరు రాసులుగా పెట్టుడు. సాక్ష్యము చెప్పవలసి వచ్చినచో ఇతరుల మాటతో మీ మాటను సరిచేసికొనకుడు. పిల్లవానిని ప్రశ్నించునపుడు జవాబును ప్రశ్నలో పెట్టి అందింపకుడు. "అన్న అబద్ధమాడుచున్నాడు" అనుటకు ముందు "అన్నకు అట్లు జ్ఞాపకమున్నదేమో" అని ఒక్కమారు తలపుడు.

గీత పదునైదవ అధ్యాయమున భగవానుడు స్మృతియు, జ్ఞానమును, అపోహనమును తనవలననే కలుగుచున్నవని చెప్పెను. అపోహనమనగా జ్ఞానము తొలగిపోవుట యని భగవద్రామానుజులు వ్యాఖ్యానించి, దానికి ఊహ యను అర్థమును కూడ చూపిరి. ఈ ప్రమాణము ఇచ్చట, ఈ విధముగా ప్రవర్తింప తగునా యని సామగ్రిని పరిశీలించి ప్రమాణమునకు తోడ్పడు జ్ఞానమే ఊహ. కావున స్మృతి నిచ్చిన ఈశ్వరుడే దానిని పరీక్షించు వివేకమును కూడ మనకిచ్చెను. సాక్షిని అడ్డుప్రశ్నలు వేయుట అతనిని అవమానించుట కాదు. ఆ రెండవ ప్రసాదమును కూడ స్వీకరించుటయే.

వరాహచరమశ్లోకమున స్వామి భూదేవికి ఒక అభయమిచ్చెను. శరీరము నెమ్మదిగా నున్నపుడు తన్ను తలచిన భక్తుడు, తుదిఘడియలో కాష్ఠపాషాణములవలె చేష్టలుడిగి తలచలేక పడియున్నపుడు, తానే ఆ భక్తుని తలచి పరమగతికి చేర్చెదనని దాని భావము. ఇంతవరకు మన తలపును నమ్ముకొని బ్రదికినవారమే. తుదకు మనలను గట్టెక్కించునది మన తలపు కాదు, ఆయన తలపు. ఈ మాట నమ్మినవానికి పదిమందిలో "నేను పొరపడియుండవచ్చును" అని చెప్పుటకు సిగ్గేల? తన జ్ఞాపకము ఓడినను తన్ను ఓడనీయని సర్వసాక్షి యొకడు కలడని అతడెరుగును.